తాత లారీకి ఏ స్కేలు?

పోయిన ఏడు ఆయుధ పూజ నాడు మా వీధి పిల్లోడు ఒకడు తన రిమోటు లారీని కూడా కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పెద్ద బండ్ల వరసలో నిలబెట్టాడు. పూజ అయినాక అందరూ నిమ్మకాయలు తొక్కించారు. వాడూ తన లారీ చక్రం ముందర ఒక నిమ్మకాయ పెట్టి మీట నొక్కాడు. నిమ్మకాయ నలగలేదు. లారీ దాని మీదికి ఎక్కి, ఎగిరి, పల్టీ కొట్టి, చక్రాలు పైకి పెట్టుకుని గిర్రున తిరుగుతూ ఉండిపోయింది. అందరూ నవ్వారు. అరుగు మీద కూర్చున్న మా తాత మాత్రం నవ్వలేదు.

"ఇది లారీ ఏమిరా? కుక్క తరిమితే పిల్లి పారినట్ల పారతాండాది. లారీకి బరువు ఉండల్ల. కదిలే ముందర ఒక చిన్న ఊపు ఉండల్ల. ఇది అట్టపెట్టెకి చక్రాలు కట్టినట్ల ఉండాది" అన్నాడు.

మా తాత ఇరవై ఎనిమిదేండ్లు లారీ తోలినాడు. మొదట ఇంకొకరి బండ్లు, తర్వాత పదకొండేండ్లు సొంత బండి. అది సెకండ్ హ్యాండులో కొన్న అశోక్ లేలాండ్ కామెట్. క్రిష్ణగిరి మామిడికాయలు, హోసూరు క్యాబేజీ, సిమెంటు మూటలు, ఏ లోడు దొరికితే ఆ లోడు వేసుకుని సేలం దాకా, బెంగళూరు దాకా పోయేవాడు. నేను పుట్టకముందే దాన్ని అమ్మేశాడు. ఇప్పుడు చూపు సరిగా లేదు. ఆ లారీకి గుర్తుగా ఇంట్లో మిగిలింది ఒకే ఒక్క ఫోటో.

నిజం చెప్పాలంటే, ఆ పిల్లోడి లారీ లాంటిదే కొనుక్కుందామని నేను కూడా 6,500 రూపాయలు కూడబెట్టి పెట్టుకున్నాను. తాత మాట విన్నాక కొనబుద్ధి కాలేదు. అదే సమయంలో ప్లస్ వన్‌లో మా చరిత్ర సార్ ఒక పని ఇచ్చారు. "రాజుల చరిత్ర పుస్తకంలో ఉంది. మీకు కావలసిన ఒక వస్తువు చరిత్ర మీరు వెతికి రాసుకు రండి" అన్నారు. నాకు కావలసిన వస్తువు లారీ. నడిచే చిన్న లారీ, చూస్తే నిజం లారీ లాగే ఉండాలి. అట్లాంటిది ఎవరు మొదలుపెట్టారు, ఎందుకు కొన్ని నిజంగా కనిపిస్తాయి, కొన్ని అట్టపెట్టెల్లా కనిపిస్తాయి? ఇది తెలిస్తే ఏది కొనాలో తెలుస్తుందనుకున్నాను.

తీగ లేకుండా దూరం నుంచి బొమ్మను నడపడం మనం అనుకునేంత కొత్త సంగతి కాదు. 1898లో నికోలా టెస్లా న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీళ్ల తొట్టిలో ఒక చిన్న పడవను రేడియో తరంగాలతో నడిపి చూపించాడు. ఆ సంవత్సరమే నవంబరు 8న దానికి పేటెంటు వచ్చింది. అంటే రేడియోలో పాట వినకముందే మనిషి రేడియోతో పడవ నడిపాడన్న మాట. కానీ అది పిల్లల చేతికి రావడానికి అరవై ఏండ్లకు పైగా పట్టింది. పాత రేడియోలలో గాజు వాల్వులు ఉండేవి. అవి బరువు, వేడి, బ్యాటరీని తాగేస్తాయి. 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టాకే రేడియో జేబులో పట్టే వస్తువైంది. 1966లో ఇటలీలోని రెజ్జో ఎమిలియా ఊరి కంపెనీ ఎల్-జి, ఫెరారీ 250 ఎల్.ఎం. కారును 1/12 స్కేలులో రేడియో కంట్రోల్ బొమ్మగా అమ్మింది. అంగట్లో అమ్మిన మొదటి రేడియో కారు అదే అంటారు.

ఇక్కడ స్కేలు అంటే ఏమిటో చెప్పాలి. 1/12 అంటే నిజం బండిలో 12 సెంటీమీటర్లు ఉన్నది బొమ్మలో 1 సెంటీమీటరు. మ్యాపు లెక్క లాంటిదే. కానీ ఎందుకు 12? ఎందుకు 10 కాదు, 15 కాదు? ఏదో పెద్ద కారణం ఉంటుందని నేను వెతికాను. 12 సంగతి కాదు గానీ, పేరున్న ఇంకొక స్కేలుకు దొరికిన జవాబు బ్యాటరీ!

జపాన్‌లో షిజువోకా అనే ఊరు ఉంది. అక్కడ 1946లో యోషియో తమియా అనే ఆయన కట్టెల మిల్లు పెట్టాడు. యుద్ధం అయిపోయి, కాలిపోయిన ఊళ్లను మళ్లీ కడుతున్న రోజులు. కొన్నాళ్లకు ఆ కట్టెతోనే పడవలు, కార్ల మోడళ్లు చేయడం మొదలుపెట్టారు. తర్వాత ప్లాస్టిక్ వచ్చి కట్టె మోడళ్లను తోసేసింది. తమియా వాళ్లు కూడా 1960లో యమాటో యుద్ధనౌకతో ప్లాస్టిక్‌లోకి దిగారు. దాని తర్వాత చేసిన పాంథర్ ట్యాంకు కథ నాకు చాలా నచ్చింది. అది మోటారుతో నడిచే ట్యాంకు. లోపల మోటారు, రెండు బ్యాటరీలు పట్టాలి. అవి పట్టేంత పెద్దగా ట్యాంకు గీశారు. గీశాక కొలిచి చూస్తే నిజం ట్యాంకులో ఇంచుమించు 35వ వంతు వచ్చింది. అంతే, 1/35. ఈరోజు ప్రపంచమంతా సైనిక మోడళ్లకు 1/35 ఒక పెద్ద స్కేలు. ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టిన సంఖ్య కాదది.

1976లో అదే కంపెనీ తన మొదటి రేడియో కారు పోర్షే 934 ను 1/12 స్కేలులో తెచ్చింది. యోషియో కొడుకు షున్సాకు తమియా, బొమ్మలు చూసి గీస్తే చాలదని, నిజమైన పోర్షే 911 కారు ఒకటి కొనిపించి, విప్పించి, కొలిపించాడు. బొమ్మ కోసం కారు కొన్నారు అని నేను చెబితే మా నాయన నమ్మలేదు. "మళ్లీ బిగించినారా?" అని అడిగాడు. లేతు పట్టరలో పని చేసే మనిషికి వచ్చే ప్రశ్న అదే కదా.

కానీ అది కారు. లారీ మాట ఏమిటి?

నా లెక్కలో అసలు చరిత్ర 1981లో మొదలవుతుంది. ఆ సంవత్సరం తమియా టొయోటా హైలక్స్ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌ను 1/10 స్కేలులో విడుదల చేసింది. దాని పైభాగం ఎంత అందంగా ఉందన్నది నాకు పెద్ద సంగతి కాదు. కింద ఏముందో చూడండి. నిజం బండిలో ఉన్నట్టే నిచ్చెన లాంటి లోహపు చాసీ. ముందూ వెనకా కమాన్ కట్టలు. నిండు ఇరుసులు. మూడు గేర్ల గేరుబాక్సు. బొమ్మకు గేరుబాక్సు ఎందుకు? ఒకే గేరుతో కూడా నడుస్తుంది. ఎక్కువ ఖర్చు, ఎక్కువ పని. అయినా పెట్టారు. ఎందుకంటే పికప్ అంటే రూపం ఒక్కటే కాదు, మొదటి గేరులో మెల్లగా మిట్ట ఎక్కడం కూడా అని వాళ్లకు తెలుసు.

ఈ సంగతి నేను తాతకు చదివి వినిపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత తొప్పూరు ఘాట్ గురించి చెప్పాడు. ధర్మపురి నుంచి సేలం పోయేటప్పుడు వచ్చే దిగువ అది. ఎన్నో లారీలు పడిన చోటు. "దిగేటప్పుడు బ్రేకును నమ్మితే పోతావు. పైనే చిన్న గేరు వేసుకొని, ఇంజినుతోనే పట్టుకొని దిగల్ల. డీజిలు మిగలల్ల అని న్యూట్రల్ వేసినోళ్లు శానామంది ఇంటికి రాలేదు" అన్నాడు. జపాన్ బొమ్మ గేరుబాక్సు నుంచి తొప్పూరుకు ఇంత దగ్గరి దారి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

అయితే ఆ హైలక్స్ దారిలో అందరూ పోలేదు. 1985లో అదే వరసలో బ్రూయిజర్ అనే పికప్ వచ్చింది కానీ ఆ పదేండ్లు పందేల కాలం. తేలికగా, పలచని ప్లాస్టిక్ తొడుగుతో, ఎగిరి దూకే బగ్గీలు గెలిచాయి. గట్టి ప్లాస్టిక్ క్యాబిన్, బరువు చాసీ పందెంలో ఓడిపోతాయి. మా వీధిలో పల్టీ కొట్టిన లారీ ఆ బగ్గీల వంశమే: పందెం కారు మీద లారీ మూత. మళ్లీ నెమ్మదిగా నడిచే నిజం బండ్ల మీద మనసు పోయింది 2000ల చివర్లో. అమెరికాలో ఆక్సియల్ వాళ్లు ఎస్.సి.ఎక్స్.10 తెచ్చారు. 2012లో తమియా బ్రూయిజర్‌ను మళ్లీ అచ్చు వేసింది. 2017లో ట్రాక్సాస్ వాళ్ల టి.ఆర్.ఎక్స్.-4 వచ్చింది. అందులో డ్రైవరు చేతిలో ఉన్న రేడియోతోనే డిఫరెన్షియల్‌ను లాక్ చేయవచ్చు. రేడియో కూడా ఈలోగా మారింది. పాత 27 మెగాహెర్ట్జ్ సెట్లలో స్ఫటికం ఉండేది. ఇద్దరి దగ్గర ఒకే స్ఫటికం ఉంటే ఒకరి మీట నొక్కితే ఇంకొకరి బండి పోయేది. 2.4 గిగాహెర్ట్జ్ వచ్చాక ఆ గొడవ పోయింది.

ఇవన్నీ పికప్‌లు, జీపులు. లోడు మోసే పెద్ద లారీలకు వేరే స్కేలు ఉంది. జర్మనీలో వెడికో అనే కంపెనీ అల్యూమినియంతో లారీలు చేసేది. 1990లలో తమియా కింగ్ హాలర్ అనే పొడుగు ముక్కు అమెరికా లారీతో 1/14 వరస మొదలుపెట్టింది. తర్వాత మెర్సిడెస్, స్కానియా, వోల్వో వచ్చాయి. వాటికి విడిగా ఒక ఎలక్ట్రానిక్ పెట్టె అమ్ముతారు. అది పెడితే ఇంజిను శబ్దం, హారను, ఇండికేటర్లు, బ్రేకు లైట్లు అన్నీ వస్తాయి.

బరువు విషయంలో తాత ఎందుకు అంత పట్టుబట్టాడో నాకు లెక్క వేస్తేనే అర్థమైంది. మన రెండు ఇరుసుల లారీకి లోడుతో కలిపి చాలా ఏండ్లు 16.2 టన్నుల దాకా అనుమతి ఉండేది. 2018లో పెంచారు. పొడుగు 14వ వంతు అయితే బరువు 14వ వంతు కాదు. పొడుగు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి 14ను మూడుసార్లు గుణించాలి: 2,744. 16,200 కిలోలను దానితో భాగిస్తే 5.9 కిలోలు. అంటే 1/14 లారీ నిండు లోడుతో దాదాపు ఆరు కిలోలు తూగాలి! వేగం అయితే 60 కి.మీ.కు 4.3 కి.మీ. మనిషి మామూలుగా నడిచే వేగం. మా వీధి లారీ దానికి నాలుగైదింతలు పోతుంది, బరువు కిలో కూడా లేదు.

ఫిజిక్స్ సార్ ఇంకొక చిక్కు చెప్పారు. చిన్న లోలకం గబగబా ఊగుతుంది. 14 రెట్లు చిన్నదైతే ఊపుకు పట్టే కాలం 14 వర్గమూలం, అంటే ఇంచుమించు 3.7 రెట్లు తగ్గుతుంది. అందుకే చిన్న లారీ గుంతలో పడితే నిజం లారీ మాదిరి బరువుగా ఊగదు, వణుకుతుంది. దీన్ని పూర్తిగా సరిచేయలేము. ఇరుసుల దగ్గర కిందుగా బరువు పెట్టి, కమాన్ కట్టలు మెత్తగా చేసి, మెల్లగా నడిపితే కొంత తగ్గుతుంది. కాబట్టి కొనేటప్పుడు మొదట చూడవలసింది రంగు, లైట్లు కావు. చాసీ, కమాన్ కట్టలు, గేరు నిష్పత్తి. ఇవి బాగుంటే పైభాగం మనం చేసుకోవచ్చు. పైభాగం మాత్రమే బాగుంటే కింద మనం చేసేదేమీ లేదు.

ఇంతవరకు వచ్చాక నేను తాత లారీ కోసం వెతకడం మొదలుపెట్టాను. కామెట్ ఎవరైనా చేశారా? నాకు ఒక్క కిట్టు కూడా కనిపించలేదు. కోపం వచ్చింది. అశోక్ లేలాండ్ 1948లో అశోక్ మోటార్స్‌గా పుట్టి, 1955లో ఈ పేరు పెట్టుకుంది. 1980 నుంచి మా హోసూరులోనే దాని ఫ్యాక్టరీ నడుస్తోంది. టాటా వాళ్లు 1954లో మెర్సిడెస్ కంపెనీతో కలిసి లారీలు మొదలుపెట్టారు. ఇన్ని లక్షల లారీలు మన రోడ్ల మీద తిరుగుతుంటే బొమ్మ మాత్రం స్వీడన్ లారీదీ, అమెరికా లారీదీనా?

తాత దగ్గర దీనికి నేను అనుకోని జవాబు ఉంది. "ఏ కామెట్ చేస్తారురా? నా కామెట్ మాదిరి ఇంకొకటి ఎక్కడుండాది?" అన్నాడు. ఫ్యాక్టరీ నుంచి చాలా బండ్లు ఒట్టి చాసీగా, ముందర ఇంజిను మూతతో వచ్చేవి. క్యాబిన్, వెనక బాడీ, తలుపులు, డ్రైవరు తల మీది బోర్డు, అన్నీ కట్టేది వడ్రంగులు, పెయింటర్లు. మా పక్క నామక్కల్‌లో, ఆంధ్రలో అయితే విజయవాడ ఆటోనగర్‌లో ఈ పని చేసేవాళ్లు వీధుల నిండా ఉన్నారు. ఒకరు కట్టినట్టు ఇంకొకరు కట్టరు. కిట్టు కంపెనీకి ఒక డ్రాయింగు కావాలి. మన లారీకి డ్రాయింగు వడ్రంగి చేతిలో ఉంది. కిట్టు ఎందుకు లేదో దానికి ఇదొక్కటే కారణం కాకపోవచ్చు, కానీ నా కోపం మాత్రం ఆ మాటతో తగ్గింది.

ఇక కొనడం. 1/14 కిట్టు ధర బెంగళూరు అంగట్లో అడిగితే నలభై వేల పైమాట. రేడియో, బ్యాటరీ, ఛార్జరు వేరే. దండం పెట్టి వచ్చేశాను. నా డబ్బుకు దొరికింది ఒక చైనా కంపెనీ చేసిన 1/16 సైనిక లారీ. రెండు ఇరుసులు, నిచ్చెన చాసీ, కమాన్ కట్టలు, నిదానమైన గేరు. పైన ఉన్న ఆకుపచ్చ క్యాబిన్‌ను ఆరోజే పీకేశాను.

ఫోటో తాత లారీని పక్కనుంచి తీసింది. అందులో చక్రం తెలిసిన కొలత. 9.00-20 టైరు ఎత్తు ఇంచుమించు 102 సెంటీమీటర్లు. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు నాలుగున్నర టైర్లు వచ్చాయి, అంటే 4.6 మీటర్లు. 1/16లో 28.7 సెంటీమీటర్లు. కొన్న చాసీ దానికంటే 8 సెంటీమీటర్లు పొట్టి. నాయన తన పట్టరలో అల్యూమినియం పట్టీలతో చాసీ పొడిగించి, పొడుగు షాఫ్టు చేసి ఇచ్చాడు. ముందు ఇరుసుకు పోయే షాఫ్టు తీసేశాం, తాత బండికి వెనక చక్రాలే లాగేవి కాబట్టి. వెనక జంట చక్రాలు పెట్టాం.

బాడీ నేను కట్టాను, తప్పు కూడా నేనే చేశాను. తాత చెప్పిన పొడుగు 17 అడుగులు. అలవాటుగా దాన్ని 14తో భాగించేశాను: 37 సెంటీమీటర్లు. 16తో భాగిస్తే 32.4 రావాలి. నాలుగు రోజులు ప్లైవుడ్ ముక్కలు కోసి, అంటించి, చాసీ మీద పెట్టి తాతకు చూపించాను. చూపు సరిగా లేని మనిషి వేళ్లతో తడిమి, "వెనక తోక ఎక్కువుండాది. మిట్టలో ముందు చక్రం లేస్తాది" అన్నాడు. మళ్లీ కట్టాను. అవ్వ పాత చీర కత్తిరించి మూటలు కుట్టింది. 50 కిలోల మూట 1/16 లెక్కలో 12 గ్రాములు. పది టన్నుల లోడుకు రెండు వందల మూటలు కావాలి. నలభై కుట్టి, "నీ లారీ సగం లోడుతో పోనీ" అని సూది పక్కన పెట్టేసింది. మేలే అయింది. నిండు లోడు వేస్తే ఆ ప్లాస్టిక్ గేర్లు ఆగేవో లేదో.

చివరికి మిగిలింది తల మీది బోర్డు. ఫోటోలో అది సగమే పడింది. ఏం రాసుండేది తాతా అంటే, "శ్రీ వెంకటేశ్వర" అన్నాడు. కాసేపు ఆగి నవ్వాడు. బోర్డు రాసిన పెయింటరు తమిళం ఆయన, తెలుగు అక్షరాలు రావు. తాత సుద్దముక్కతో రాసి ఇస్తే దాని మీద రంగు దిద్దాడు. దిద్దేటప్పుడు శ కింద వ వత్తు మరిచిపోయాడు. "శ్రీ వెంకటేశర" అయింది. దూరం పోయే తొందర, మళ్లీ రాయించలేదు. పదకొండేండ్లు అట్లనే తిరిగింది. చిత్తూరు వైపు పోతే టీ అంగడి వాళ్లు "వెంకటేశర లారీ వచ్చింది" అని పిలిచేవారట.

తెలుగు మీడియంలో చదివి, తప్పు అని తెలిసి, తప్పు రాయడమా? కుంచె పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వత్తు పెడితే అక్షరం సరి అవుతుంది, కానీ అది తాత లారీ కాదు. వత్తు లేకుండానే రాశాను. మా తెలుగు మేడమ్ ఈ పత్రికలో బొమ్మ చూసి ఎర్ర సిరా తీస్తే, దయచేసి ఈ పేరా కూడా చదవమని మనవి.

మొన్న ఆదివారం మా ఇంటి ముందర వాలులో దాన్ని దింపాము. మీట తాత చేతికి ఇచ్చాను. మొదట వద్దన్నాడు, తర్వాత తీసుకున్నాడు. లారీ నలభై మూటలతో మెల్లగా కదిలింది. ఆయన దాని పక్కనే, అదే వేగంతో, శబ్దం వింటూ నడిచాడు. వాలు చివర మలుపు దగ్గర ఆపి, మీటలన్నీ తడిమి చూసి, నన్ను అడిగాడు:

"హారను ఏదిరా దీనికి?"